లండన్‌లో మన రాజుగారి చలివేంద్రం

లండన్ వెళ్తే ఏం చూస్తాం? బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్... మేమూ అవే చూశాం. నాది విజయనగరం, మావాడిది శ్రీకాకుళం. ఇంజినీరింగ్‌లో రూమ్మేట్లం. వాడి కాంట్రాక్టు పొడిగించలేదు. మర్నాడే ఇండియా ప్రయాణం. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

మధ్యాహ్నం ఫిష్ అండ్ చిప్స్ తిన్నాం. చేప కరకరలాడుతూ బాగానే ఉందిగానీ, "కారమేదిరా?" అన్నాడు. బ్యాగులోని ఆవకాయ తీసి నంజుకున్నాకగానీ ప్రాణం లేచి రాలేదు.

తర్వాత హైడ్ పార్క్‌లో, మార్బుల్ ఆర్చ్ వైపు ఓ రాయి దగ్గరికి తీసుకెళ్లాను.

"ఏటిరా, రాయి చూడ్డానికి ఇంత నడకా?"

"ముందు చదువు" అన్నాను.

విజయనగరం మహారాజు ఇచ్చిన మంచినీటి ఫౌంటెన్ 1867 నుంచి 1964 వరకు ఇక్కడికి దగ్గర్లోనే ఉండేదని దానిమీద రాసుంది. కలరాతో అల్లాడిన లండన్‌లో ఆ రోజుల్లో శుభ్రమైన నీళ్లు దొరకడమే గగనం. జనానికి ఉచితంగా నీళ్లిచ్చేందుకు 1859లో ఓ సంఘం మొదలైంది. దాని ద్వారానే మన విజయరామ గజపతిరాజు గారు ఆ ఫౌంటెన్ కట్టించారు. 1857లో మా ఊళ్లో బడి పెట్టింది కూడా ఆయనే. అదే తర్వాత ఎం.ఆర్. కాలేజీ అయింది.

"అంటే మనోళ్లు దొరలకే చలివేంద్రం పెట్టారన్నమాట!"

చాలా రోజులకు వాడు నవ్వాడు. రాయి పక్కన ఫొటో దిగి ఇంటికి పంపాడు. కిందే ఉద్యోగం సంగతీ రాసేశాడు.

నిమిషంలో వాళ్లమ్మ ఫోన్: "ఉద్యోగానికేటి, మళ్లీ దొరుకుద్ది. అన్నం తిన్నావా?"