డెకార్ట్ భాషా, మన సదస్సులూ

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో నలుగురు రచయితలు కూచున్నచోట 17వ శతాబ్దపు యూరపు తత్వశాస్త్రం ప్రస్తావనకొస్తే నాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "డెకార్ట్, స్పినోజాల మీద విశ్వవిద్యాలయాలవాళ్లు సదస్సులు పెట్టుకుంటారు సరే, వాటితో మనకేం పని?" ప్రశ్న సబబైనదే. జవాబును వాళ్ల సిద్ధాంతాలకంటే ముందు వాళ్లు ఎంచుకున్న భాషలో వెతకాలని నా అభిప్రాయం.

డెకార్ట్ 1637లో తన పద్ధతి గ్రంథాన్ని పండితుల లాటిను వదిలి ఫ్రెంచిలో రాశాడు. పాత పుస్తకాలనే నమ్ముకున్నవాళ్లకన్నా సహజమైన ఇంగితం ఉన్నవాళ్లు తన వాదాన్ని బాగా తూచగలరని ఆయన ఆశ. అలాగని ఆయన్ను వీరుణ్ణి చేయనక్కర్లేదు. 1633లో గెలీలియోకు శిక్షపడిందని తెలియగానే, ప్రపంచ నిర్మాణం గురించి రాసుకున్న గ్రంథాన్ని అచ్చుకివ్వకుండా దాచేసిన మనిషే ఆయన.

జనభాషలో రాయడం ఎంత ప్రమాదమో హాలండు చరిత్ర చెబుతుంది. ఏడ్రియన్ కోర్బాఖ్ 1668లో డచ్చి భాషలో, పరభాషా పారిభాషిక పదాలకు అర్థాలు చెప్పే నిఘంటువు వంటి పుస్తకం వేశాడు. మతంలోనైనా న్యాయంలోనైనా జనానికి అర్థంకాని మాటలే పండితుల అధికారానికి ఆయువుపట్టని అతని వాదన. పదేళ్ల శిక్ష వేశారు. 1669లో జైల్లోనే చనిపోయాడు. అతని మిత్రుడు స్పినోజా 1670లో పేరులేకుండా, అచ్చయిన ఊరుపేరు కూడా మార్చి, లాటినులో పుస్తకం వేశాడు. దాన్ని డచ్చిలోకి తెస్తున్నారని విని, ఆపించమని 1671లో స్నేహితుడికి ఉత్తరం రాశాడు. 1674లో ఆ లాటిను పుస్తకాన్నీ నిషేధించారు గాని స్పినోజా జైలు మొహం చూడలేదు. అక్కడి వర్తక పాలకవర్గం పండితుల గుసగుసలను కొంతవరకు ఓర్చుకుంది. అంగడిలో మాట్లాడితే ఓర్చుకోలేదు.

ఇక మన సంగతి. 1921 నవంబరులో హైదరాబాదు సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ ఉద్యమమే ఆంధ్ర మహాసభగా ఎదిగి, 1941లో కోదాడ దగ్గరి చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన సమావేశమయింది. భూమి గురించీ వెట్టి గురించీ తెలుగులో వాదించుకున్న ఈ నేల మీద, ద్రవ్యం గురించీ కారణం గురించీ వాదించలేమా?

వాదించగలం. కాని మాటల దగ్గర జాగ్రత్త కావాలి. "మనస్సు వేరు, శరీరం వేరు" అని డెకార్ట్‌ను సులువుగా తెలుగు చేసేస్తాం. సాంఖ్యంలో బుద్ధి, అహంకారం, మనస్సు మూడూ ప్రకృతి పరిణామాలే. అక్కడ గీత పడింది పురుషుడికీ ప్రకృతికీ మధ్య. మనస్సు శరీరం వైపే ఉండిపోయింది. వైశేషికుల తొమ్మిది ద్రవ్యాల్లో ఆత్మ ఒకటి, మనస్సు వేరొకటి. విస్తీర్ణమే లేని ఆలోచన శరీరాన్ని ఎలా కదిలిస్తుందని బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లో డెకార్ట్‌ను నిలదీసింది. "మనస్సు" అనే మన మాటతో ఆ ప్రశ్నకు సగం పదును పోతుంది. స్పినోజా ఒకే ద్రవ్యమంటే మనవాళ్లు వెంటనే అద్వైతమంటారు. ఆయనకు జగత్తు మిథ్య కాదన్న సంగతి మరుగున పడుతుంది.

అందుకే ఈ మూడు పట్టణాల్లో అధ్యయన సభలు పెట్టుకునే మిత్రులను, మొదటిరోజంతా మనస్సు, ద్రవ్యం, ప్రకృతి అనే మూడు మాటల మీదే గడపమంటాను. సంస్కృతం తెలిసిన మాస్టారునూ, భౌతికశాస్త్రం చెప్పే లెక్చరరునూ ఒకే బెంచీ మీద కూచోబెట్టాలి.