తొలి వాయి

నేపుల్స్‌లో పీజా రుచులు పోల్చి చూడాలని బయలుదేరినవాళ్లు ఏ అంగట్లోకి వెళ్లినా ముందు మార్గరీటానే అడుగుతారు. టమాటా, మోజరెల్లా, నాలుగు బేజిల్ ఆకులు, కాస్త ఆలివ్ నూనె. అంతకుమించి ఏమీ ఉండదు కనుక లోపం దాగడానికి చోటు లేదు. పిండి సరిగా పులిసిందా, పొయ్యి తగినంత కాగిందా అన్నది తొలి ముక్కలోనే తెలిసిపోతుంది. 1984లో అక్కడ ఏర్పడిన పీజా సంఘం పొయ్యి వేడి దాదాపు 485 డిగ్రీలు ఉండాలని, 60 నుంచి 90 సెకన్లలో రొట్టె కాలాలని కాగితం మీద పెట్టింది. ఆ పనితనాన్ని 2017లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

విజయనగరం, శ్రీకాకుళం వెళ్లి పొద్దున్నే టిఫిన్ బళ్ల వెంట తిరిగేవాళ్లకూ అలాంటి కొలబద్ద ఒకటి కావాలి. ఒకచోట పెసరట్టు, ఇంకోచోట పూరీ, మరోచోట మసాలా దోశ తినేసి ఏది గొప్పని వాదించుకుంటే తేలేదేమీ ఉండదు. నా మటుకు కొలబద్ద ఇడ్లీ. అదీ చట్నీ తగలకముందు తుంచిన మొదటి ముక్క, వీలైతే తొలి వాయిలోది.

ఇడ్లీలో గొప్పేముంది, ఎక్కడైనా ఒకటేగా అనేవాళ్లు ఉన్నారు. ఒకటే కాదు. నానబెట్టి రుబ్బిన మినప్పప్పులో కడిగి పిండిన బియ్యపు రవ్వ కలిపి రాత్రంతా వదిలేస్తారు. తెల్లారేలోపు ల్యూకోనోస్టాక్ వంటి బాక్టీరియా ఆ పిండిని పులియబెట్టి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. మినపపిండిలోని మాంసకృత్తులు, జిగురు ఆ బుడగలను పట్టి ఉంచుతాయి. పప్పు తగ్గించారా, బుడగ నిలవదు, ఇడ్లీ గట్టిపడుతుంది. పప్పు ధర పెరిగినప్పుడు ఆ లోటును సోడాతో పూడ్చేవాళ్లు లేకపోలేదు. అలాంటి ఇడ్లీ చూపుకు పొంగి ఉంటుంది గానీ పులిసిన పిండికుండే కమ్మని వాసన రాదు, మింగాక నాలుక మీద ఉప్పుచేదు మిగులుతుంది. ధనుర్మాసపు చలిలో పిండి ఆలస్యంగా పులుస్తుంది. ఆ రోజుల్లో కూడా మెత్తని ఇడ్లీ పెట్టిన చెయ్యి దొరికితే ఆ బండిని గుర్తుపెట్టుకోవాలి.

ఈ రెండు జిల్లాల్లోనూ వరి కోతకు ముందే మాగాణుల్లో మినుములు, పెసలు చల్లుతారు. కోత అయ్యాక మిగిలిన తడితోనే ఆ పైరు పండుతుంది. ఇంటి పక్క పొలంలో మినుము పండే చోట ఇడ్లీ తినడంలో ఆ తృప్తి కూడా ఉంది.

విజయనగరంలో నడక గంటస్తంభం దగ్గర మొదలుపెట్టి మూడు లాంతర్ల మీదుగా కోట వైపు సాగించడం మంచిది. దూరాలు తక్కువ, బళ్లు ఎక్కువ. ఒక్కో చోట ఒక్క ఇడ్లీతో ఆగగలిగితే నాలుగు రుచులు తేలికగా పోల్చవచ్చు. పైడితల్లి అమ్మవారి తొలేళ్లు, సిరిమాను రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకూడదు. దసరా తర్వాత వచ్చే ఆ సోమ, మంగళవారాల్లో ఊరు జనసముద్రం. ఆ ఒత్తిడిలో ఎంత మంచి బండికైనా వాయి ఉడికేదాకా ఆగే తీరిక ఉండదు. ఆ రోజు తిన్నదాన్ని బట్టి తీర్పు చెప్పడం అన్యాయం.

శ్రీకాకుళానికి రైల్లో వస్తే దిగేది ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో. అక్కడి నుంచి ఆటోలోనో బస్సులోనో నాగావళి ఒడ్డున ఉన్న ఊళ్లోకి రావాలి. ఏడు రోడ్ల జంక్షన్, డే అండ్ నైట్ జంక్షన్ చుట్టూ తిరగడానికి ఆదివారం కాకుండా మరో రోజు ఎంచుకోండి. ఆదివారం సూర్యభగవానుడి రోజు కనుక అరసవల్లి దర్శనానికి వచ్చినవాళ్లతో ఊరు నిండిపోతుంది.

మామూలు రోజున వెళ్లినప్పుడు ఒక బండి దగ్గర పొయ్యి చూసుకుంటున్న పెద్దావిడ నా తొందర కనిపెట్టి, "ఏటి బాబూ, అలాగ నిలబడిపోనారు? కూకోండి. వాయి దిగిపోతాది, ఉడక్కుండా ఎట్టమంటారేటి?" అంది. ఆమె పెట్టిన ఇడ్లీ వేలితో నొక్కితే దిగి మళ్లీ లేచింది. పెద్ద హోటల్లో చట్నీలు నాలుగు రకాలు పెడతారు గానీ ఈ ఇడ్లీ పెట్టలేరు. కారణం సులువే. బండి మీద ఆ రోజు పిండి ఆ రోజే అయిపోతుంది. రుబ్బిన చెయ్యి, వండిన చెయ్యి, వడ్డించిన చెయ్యి ఒకటే.

ఇడ్లీ పరీక్షలో నెగ్గిన చోటే బొంబాయి చట్నీ అడగాలి. పూరీతోనైనా ఇడ్లీతోనైనా ఈ చట్నీ ఉంటే ఇక్కడివాళ్లకు కొబ్బరి చట్నీ గుర్తుకు రాదు. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు పోపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం మగ్గనిచ్చి, పసుపు వేసి, ఉండ కట్టకుండా నీళ్లలో కలిపిన శనగపిండి పోస్తారు. పచ్చివాసన పోయేదాకా ఉడకాలి. చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కనుక కాస్త జారుగానే దింపి, ఆ తర్వాత నిమ్మకాయ పిండాలి. చిక్కబడిపోయిందని వేడినీళ్లు కలిపే బళ్లున్నాయి. ఆ నీళ్లతో రుచి సగం పోతుంది. తొమ్మిది దాటాక వెళ్లినవాడికి దొరికేది చాలాసార్లు ఈ నీళ్లు కలిపిన చట్నీయే.

ప్లేటు గురించి ఒక మాట చెప్పాలి. పొగలు కక్కే ఇడ్లీ పాలిథిన్ కాగితం మీద పెట్టడం నాకు బొత్తిగా నచ్చదు. సీతంపేట, పార్వతీపురం కొండల్లో గిరిజన స్త్రీలు కుట్టే అడ్డాకు విస్తళ్లు ఉన్నాయి. 2022లో మన్యం జిల్లాగా విడిపోయినా ఆ కొండలు ఈ ఊళ్లకు మరీ దూరమేమీ కాదు. వేడి తగిలిన అడ్డాకు వాసన ఇడ్లీకి పట్టడం ఒక అదనపు రుచి. ఆకు కుట్టిన చేతికి నాలుగు రూపాయలు అందుతాయి కూడా.

ఉత్తరానికి పోయేకొద్దీ పళ్లెం మారుతుంది. ఇచ్ఛాపురం దాటి బరంపురం చేరేసరికి ఉప్మా మీద కూడా ఘుగుని పోస్తారు, అంటే ఎండు బఠాణీల కూర. గారె బరా అయి ఆ కూరలోనే మునుగుతుంది. ఇడ్లీ కొలబద్ద అక్కడ పనిచేయదు, ఘుగుని అడగండి. బఠాణీ మెత్తగా ఉడికి తొక్క మాత్రం విడిపోకుండా ఉంటే ఆ వంటవాడికి పని వచ్చినట్టే.

ఇక నా తీర్పు. ఇడ్లీకి శ్రీకాకుళం బండి, పూరీకీ బొంబాయి చట్నీకీ విజయనగరం. పీజాకు సాటిగా నిలబెట్టదగిన మన రొట్టె మాత్రం రెండు ఊళ్ల బళ్ల మీదా నాకు దొరకలేదు. అది మినపరొట్టె. అదే మినప్పప్పు, అదే రవ్వ. మందపాటి మూకుడులో నూనె వేసి, పిండి దట్టంగా పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేయాలి. పీజాకు నిమిషం, నిమిషన్నర చాలు. దీనికి చాలాసేపు పడుతుంది. అంతసేపు పొయ్యిని ఒక్క రొట్టెకే కేటాయిస్తే బండివాడికి గిట్టదు, అందుకే అది ఇళ్లలోనే ఉండిపోయింది. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా, పక్కన బెల్లం పానకమో ఆవకాయ ఊటో. పొయ్యి ఖాళీగా ఉండే సాయంత్రం వేళ, ముందుగా చెప్పినవాళ్లకైనా సరే, వారానికొక రోజు ఈ రొట్టె కాల్చి పెడతామని ఏ హోటలువారైనా బోర్డు కడితే విశాఖ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లలో నేను మొదటివాణ్ని.