దీపం బాగానే ఉంది... పెట్టే దొరకడం లేదు!

భీమవరం: మేడ మెట్ల దీపం వెలగక మూడు వారాలైంది. బల్బు మాడలేదు. తీగ తెగలేదు. కరెంటూ పోలేదు. మెయిన్ బోర్డులో అరచేతిలో పట్టేపాటి పెట్టె ఒకటి పాడయింది, అంతే. దాని పేరు డిమ్మరు మాడ్యూలు. ఆ పెట్టెను తయారు చేయడం కంపెనీ ఎప్పుడో మానుకుంది. ఫలితంగా పట్టణంలోని ఒక విశ్రాంత అధ్యాపకుని ఇంట్లో ఎనభై దాటిన ఆయన తల్లిగారు తెల్లవారుజామున చేత టార్చిలైటు పట్టుకుని పైనున్న పూజగదికి మెట్లెక్కవలసి వస్తోంది.

ఆ ఇల్లు 2011లో కట్టారు. అమెరికాలో ఉన్న కుమారుడు ముచ్చటపడి ఇల్లంతటికీ ఆటోమేషన్ పెట్టించారు. రిమోటు నొక్కితే హాలులో వెలుగు తగ్గుతుంది, మళ్లీ నొక్కితే పెరుగుతుంది. చుట్టాలంతా వచ్చి చూసి వెళ్లారు. పన్నెండేళ్లు ఏ చిక్కూ లేదు. తర్వాత ఒక్కొక్క పెట్టే మొరాయించసాగింది. బిగించినవారు ఊళ్లో లేరు. వేరే దుకాణంవారిని పిలిస్తే "మొత్తం తీసేసి కొత్తది వేసుకోండి" అని సలహా చెప్పి వెళ్లారు. ఒక్క పెట్టె కోసం ఇల్లంతా విప్పుకోవాలా అని ఆ కుటుంబం తల పట్టుకుంది.

చివరకు వీధి చివరనుండే పాత ఎలక్ట్రీషియనే వచ్చి అసలు సంగతి విప్పి చెప్పారు. "మాస్టారూ, గోడమీద మీరు నొక్కేది స్విచ్చి కాదండి. అది కబురు పంపేదండి. కబురందుకుని దీపం వెలిగించేది బోర్డులో ఉన్న ఈ పెట్టండి. ఇది పోతే మీరెంత నొక్కినా లాభం లేదండి" అన్నారాయన.

ఇది ఒక్క ఇంటి బాధ కాదు

ఇలాంటి ఏర్పాటు ఉన్న ప్రతి గృహస్థుకూ ఏదో ఒకనాడు ఎదురయ్యే చిక్కే ఇది. ఇంట్లో ఉన్న కరెంటు తీగలమీదనే దీపాలకు ఆజ్ఞలు పంపే పద్ధతిని 1975లో స్కాట్లండ్‌లోని గ్లెన్‌రోథస్ పట్టణంలో పికో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ రూపొందించింది. దాని పేరు ఎక్స్-10. 1978 నుంచి అమెరికాలో సియర్స్, రేడియో షాక్ దుకాణాల్లో ఈ పెట్టెలు అమ్మకానికి వచ్చాయి. 16 అక్షరాలు, 16 అంకెల జోడింపుతో మొత్తం 256 చిరునామాలు. ఏ దీపానికి ఏ చిరునామా ఇస్తే ఆ దీపమే పలుకుతుంది. అమెరికాలో ఆ పెట్టెలు అమ్మిన సంస్థ తర్వాత దివాలా తీసింది. ఇళ్లలో పెట్టెలు మిగిలాయి, వాటికి మారు దొరికే దారి సన్నగిల్లింది.

అమెరికాలోనే ఇన్‌స్టియాన్ అనే మరో వ్యవస్థ 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా సర్వర్లు ఆపేసింది. ఫోనుమీద ఆధారపడినవారి ఇళ్లలో దీపాలు మాట వినలేదు. స్విచ్చికీ స్విచ్చికీ మధ్య నేరుగా లంకె ఉన్నచోట మాత్రం యథాప్రకారం పనిచేశాయి. అదే ఏడాది జూన్‌లో వినియోగదారుల బృందం ఒకటి ఆ వ్యాపారాన్ని కొని మళ్లీ నడిపించింది. అందరికీ అంతటి అదృష్టం పట్టదు.

బల్బు మారింది, డిమ్మరు మారలేదు

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తాలు. అంటే ఆ అల సెకనుకు నూరుసార్లు సున్నాను దాటుతుంది. పాతరకం డిమ్మరు సున్నా దాటిన ప్రతిసారీ కొద్దిసేపు కరెంటును ఆపి, తర్వాత వదులుతుంది. ఎంత ఎక్కువసేపు ఆపితే వెలుగు అంత తగ్గుతుంది. పాత బల్బులో తీగ ఎర్రగా కాలుతూనే ఉంటుంది కనుక ఈ ఆట కంటికి తెలియదు.

2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంపిణీ అయ్యాయి. కరెంటు ఖర్చు తగ్గింది. మంచిదే. అయితే ఎల్.ఇ.డి.లో కాలే తీగ లేదు, చిన్న ఎలక్ట్రానిక్ సరంజామా ఉంది. పాత డిమ్మరుకు దీనికీ పొసగదు. వెలుగు రెపరెపలాడుతుంది, డిమ్మరు గుయ్యిమంటుంది, ఆపినా బల్బు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. పాత డిమ్మర్లలో చాలావాటికి కనీసం 40 లేదా 60 వాట్ల బరువు ఉండాలి. 9 వాట్ల బల్బు ఒక్కటి పెడితే అది సరిగా నడవదు. కాబట్టి డిమ్మరు పాడయిందని తీర్మానించే ముందు ఒక పాత తీగబల్బు పెట్టి చూడటం మంచిది. అది సక్రమంగా వెలిగితే తప్పు పెట్టెది కాదు, జోడీది.

మార్చేముందు చూసుకోవలసినవి

మొదటిది న్యూట్రల్ తీగ. కొత్తరకం మాడ్యూళ్లలో చాలావాటికి స్విచ్చిబోర్డులోనే న్యూట్రల్ కావాలి. పాత ఇళ్లలో స్విచ్చికి ఫేజు తీగ ఒక్కటే దింపి ఊరుకున్నారు. అలాంటిచోట న్యూట్రల్ లాగాలి, లేదా అది అక్కరలేని రకం వెతకాలి.

రెండవది వాట్లు. డిమ్మరు మీద 400 వాట్లని ఉంటే అది పాత బల్బుల లెక్క. ముందంచును కోసే పాతరకం డిమ్మరు మీద ఎల్.ఇ.డి.లైతే అందులో పదోవంతు, అంటే 40 వాట్లకు మించనీయకపోవడం అనుభవజ్ఞుల పద్ధతి. ఎల్.ఇ.డి.లకు చాలావరకు వెనుకంచును కోసే డిమ్మరు నప్పుతుంది. బల్బు అట్టపెట్టె మీద 'డిమ్మబుల్' అని ఉంటేనే కొనాలి.

మూడవది, దీపాల డిమ్మరుకు ఫ్యానుగాని, మోటారుగాని తగిలించరాదు.

నాలుగవది వోల్టేజి. మన మాస్టారి కుమారుడు అమెరికాలో ఇలాంటి పాత మాడ్యూలు ఒకటి సంపాదించి, వచ్చేటప్పుడు తెస్తానన్నారు. ఎలక్ట్రీషియన్ ఫోనులో దాని ఫొటో చూసి "వద్దండి బాబూ, దీనిమీద 120 వోల్టులని ఉందండి. మన కరెంటుకు తగిలిస్తే మాడిపోద్దండి" అని ఆపేశారు. పైకి ఒకేలా ఉన్నా అక్కడి పెట్టె వేరు, ఇక్కడి పెట్టె వేరు.

ఫైలు ఎవరి చేతిలో ఉంది?

అన్ని వ్యవస్థలూ ఒక్క కంపెనీకే కట్టుబడి ఉండవు. యూరప్‌లో 1990లో మొదలైన ఒరవడి నుంచి వచ్చిన కె.ఎన్.ఎక్స్. అనే ప్రమాణం ప్రకారం వందలాది కంపెనీలు సామాను తయారు చేస్తున్నాయి. ఒక కంపెనీ డిమ్మరు ఆగిపోతే మరో కంపెనీది పెట్టవచ్చు. అయితే కొత్తదానికి మళ్లీ పాఠం చెప్పాలి. అందుకు ఇల్లు కట్టినప్పటి ప్రాజెక్టు ఫైలు కావాలి. ఆ ఫైలు బిగించినవారి దగ్గరే ఉండిపోతే, వారు ఊరు మారితే, చవకలో అయ్యే పనికి మొదటినుంచీ ఖర్చే. ఇంటి దస్తావేజులు బీరువాలో దాచుకున్నట్టే ఈ ఫైలునూ దాచుకోవడం విజ్ఞత. ఏ పెట్టె ఏ దీపానిదో ఒక కాగితం మీద రాసి బోర్డు తలుపు లోపల అంటించినా రేపు వచ్చే పనివానికి సగం శ్రమ తప్పుతుంది.

మెట్ల దీపం వెలిగింది

ఇక మాస్టారి ఇంటి సంగతి. ఇల్లంతా విప్పే పని లేకుండానే ఎలక్ట్రీషియన్ ఉపాయం చెప్పారు. "మెట్ల దీపానికి వెలుగు తగ్గించడం, పెంచడం ఎందుకండి?" అన్నది ఆయన ప్రశ్న. గోడమీది మీటలకున్న సన్నతీగలు కబుర్లకే గాని 230 వోల్టులకు పనికిరావు. అందుచేత మెయిన్ ఆపి, మెట్ల పక్కన గోడవెంట కేసింగ్ పట్టీ వేసి కొత్త తీగ లాగారు. కింద ఒకటి, పైన ఒకటి మామూలు టూవే స్విచ్చిలు పెట్టారు. అతిథులగదికీ మామూలు స్విచ్చి పెట్టి, అక్కడ బాగున్న పాత డిమ్మరును తీసి మారుకోసం దాచారు. హాలులోది పోయిననాడు అది అక్కరకు వస్తుంది.

గోడలో తీగ దశాబ్దాల తరబడి ఉంటుంది. పెట్టె అన్నేళ్లు ఉండదు. కనుక మెట్లు, స్నానాలగది, వంటిల్లు వంటిచోట్ల పెట్టెతో పనిలేకుండా వెలిగే దీపం ఒక్కటైనా ఉండితీరాలి. వేడుకకు డిమ్మరు, అవసరానికి స్విచ్చి. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు ఈ మాట ముందే చెప్పి చేయించుకుంటే తర్వాత గోడలు తవ్వుకునే పని ఉండదు.

టార్చిలైటు ఇప్పుడు బీరువా పైకెక్కింది. "నొక్కితే వెలుగుతోంది నాయనా, నాకంతే చాలు" అంటున్నారు ఆ పెద్దావిడ.