తలుపు కింది అంచు

మా నాన్న కాకినాడలో నలభై ఏళ్లు పాలిష్ పని చేశారు. ఏ పాలిష్ మంచిదని ఎవరైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ‘ఆ చెక్క ఎక్కడుంటుంది? ఎండ పడుతుందా? దానిమీద ఏం పెడతారు?’ అని ఎదురు అడిగేవారు. ఆయన దగ్గర నేర్చుకుని నేనూ ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఇప్పుడు నన్ను పిలిచేవాళ్లు చాలామంది ఫోన్లో ఫొటో చూపించి ‘ఇలా మెరవాలి’ అంటారు. అప్పుడు నేనూ నాన్న ప్రశ్నలే అడుగుతాను.

పోయిన వేసవిలో పెద్దాపురం దగ్గర ఒక ఇంటికి వెళ్లాను. పడమటి గుమ్మం, మంచి టేకు తలుపు. రెండేళ్ల క్రితమే మెలమైన్ పాలిష్ వేయించారట. నేను వెళ్లేసరికి గోరు తగిలితే చాలు, ఉల్లిపొరలా లేచి వస్తోంది. కింద చెక్క బూడిద రంగుకు తిరిగింది. ‘టేకని చెప్పి ఇంకేదో అంటగట్టారేమో అమ్మాయీ’ అని ఆ ఇంటి పెద్దావిడ బాధపడ్డారు. ‘కాదు పిన్నిగారూ, చెక్క బంగారం లాంటిది. పూతే ఈ చోటుకి పనికిరానిది’ అన్నాను.

మెలమైన్ ఇంట్లో బీరువాకీ మంచానికీ చక్కగా పనికొస్తుంది. గట్టిగా ఉంటుంది, తొందరగా ఆరుతుంది. పడమటి ఎండకి మాత్రం తట్టుకోలేదు. పూత అద్దంలా తేటగా ఉంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని దాటి చెక్కను చేరతాయి. చెక్కలో పీచును పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం లిగ్నిన్. ఆ కిరణాలకు ముందు చెడేది అదే. పైన పూత బాగానే కనిపిస్తున్నా, అది పట్టుకున్న చెక్క పైపొర పిండి అయిపోతుంది. ఇక వానాకాలం చెక్క ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. ఈ కదలిక నిలువునా దాదాపు ఉండదు, అడ్డంగానే ఉంటుంది. బిరుసు పూత దానితోపాటు సాగలేక సన్నగా చిట్లుతుంది. ఆ చీలికలోంచి నీళ్లు దిగితే లోపల నుంచే పొర లేస్తుంది.

అందుకే ఎండ పడే తలుపుకి బయటి వాడకం కోసమే చేసిన పీయూ (పాలీయూరిథేన్) గానీ వార్నిష్ గానీ కావాలి. అందులో కిరణాలను అడ్డుకునే మందు కలుపుతారు, పూతకు కాస్త సాగే గుణమూ ఉంటుంది. దాని కింద కొద్దిగా రంగున్న స్టెయిన్ వేస్తే ఇంకా మేలు. ఆ రంగు పొడి రేణువులు చెక్కకు గొడుగు పట్టినట్టు ఎండను ఆపుతాయి. టేకుకి రంగేమిటని చాలామంది ఒప్పుకోరు. నేను మాత్రం పట్టుబట్టి ఒప్పిస్తాను. రంగు లేకుండా తేటగా వేసిన పూతే ముందు పోవడం ఎన్ని గుమ్మాల దగ్గర చూశానో.

ఆ తలుపును బందుల నుంచి ఊడదీయించి బల్ల మీద పడుకోబెట్టాం. కింది అంచు చూస్తే పచ్చి చెక్కే. అక్కడ ఒక్క కోటు కూడా తగల్లేదు. చాలా ఇళ్లలో ఇంతే. తలుపు బిగించాక పాలిష్ చేస్తారు, బ్రష్ ఎక్కడిదాకా వెళితే అక్కడిదాకే పూత. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పైకి మోసిన నాళాలన్నీ నిలువు చెక్కల కింది కోతలో నోళ్లు తెరుచుకుని ఉంటాయి. గడప కడిగిన నీళ్లన్నీ అవే తాగుతాయి. ఆషాఢం రాగానే తలుపు బిగుసుకుపోతోందని వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తాం. వేసవికి మళ్లీ సందు వస్తుంది. తలుపుకు ఆరు ముఖాలున్నాయి. ఆరింటికీ పూత పడాలి.

పనిలో ముప్పాతిక వంతు రుద్దడమే. పాతది గీకేశాక ఉప్పు కాయితం 120తో మొదలుపెట్టి 180, తర్వాత 220. ఎప్పుడూ చెక్క గీత వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గాట్లు మామూలుగా కనపడవు, స్టెయిన్ పడగానే నల్లగా తేలతాయి. టేకుకి ఇంకో జాగ్రత్త ఉంది. దానిలో సహజంగా నూనె ఉంటుంది, పూతను సరిగ్గా అంటనివ్వదు. థిన్నర్‌తో తుడిచి, అది ఆరగానే, నూనె మళ్లీ పైకి రాకముందే మొదటి కోటు వేయాలి. ఆ కోటు పలచగా కలిపితే చెక్కలోకి దిగుతుంది. ఆ తర్వాత ప్రతి కోటుకీ మధ్య 320తో మెల్లగా ఒక్కసారి రుద్ది, దుమ్ము తుడవాలి. మందంగా ఒక కోటు వేసి ముగిద్దామనుకుంటే కారిన చారలే మిగులుతాయి.

నాన్నకు ప్రాణమైన పని స్పిరిట్ పాలిష్. దానికి వాడే లక్క, మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు చేసే జిగురు. మన దేశంలో ఎక్కువగా జార్ఖండ్‌లో పండుతుంది. లక్క రేకుల్ని రాత్రి స్పిరిట్‌లో నానేసి, తెల్లారి పాత పంచె గుడ్డలో వడగట్టేవారు. దూదిని మెత్తటి గుడ్డలో ఉండగా చుట్టి, ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పుతూ పొర మీద పొర ఎక్కించేవారు. ఒక ఉయ్యాల బల్లకి వారం పట్టేది. ఆ బల్ల లోతుల్లోంచి వచ్చే కాంతి నేను ఇంకే పూతలోనూ చూడలేదు. ఈ పాలిష్‌కి వేడీ నీళ్లూ పడవు. వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లటి చక్రం మిగులుతుంది. కానీ గీత పడితే మొత్తం గీకక్కర్లేదు. కొత్త పొర పాతదాన్ని కరిగించుకుని అందులో కలిసిపోతుంది. ముసురు రోజుల్లో స్పిరిట్ ఆవిరవుతూ చెక్కను చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చేరి పాలిష్ పాలలా తెల్లబారుతుంది. అందుకే శ్రావణంలో ఎంత డబ్బిస్తామన్నా నాన్న ఆ పనికి ఒప్పుకునేవారు కాదు. ఆ నెలలో మా ఇల్లు కష్టంగానే నడిచేది.

లక్క అందం చూడాలంటే అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక వెళ్లాలి. అక్కడ బొమ్మలు చేసేందుకు లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకి రంగు లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. బ్రష్ అక్కర్లేదు. అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకి ఏ రంగు పూస్తున్నామో ఆలోచించిన ఆ పని మీద నాకెంతో గౌరవం.

నూనె పూత ఇష్టపడేవాళ్లకి ఒక హెచ్చరిక. అవిసె నూనె ఆరడమంటే నీళ్లు ఆరినట్టు కాదు. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అప్పుడు వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోక వాటంతట అవే అంటుకుంటాయి. ఒకసారి మా షెడ్డులో అలాంటి సంచి ముట్టుకుంటే చెయ్యి కాలింది. గుడ్డల్ని విడివిడిగా ఆరుబయట పరచాలి, లేదా నీళ్ల బకెట్టులో ముంచాలి.

పిన్నిగారి అసలు దిగులు గడప. వారం వారం కడిగి, తడి పసుపు రాసి బొట్లు పెడతారు. పూత లేని చెక్కయితే నీళ్లూ పసుపూ కలిసి లోపలికి ఇంకిపోతాయి. అందుకే చాలామంది గడపకి పచ్చ ఎనామిల్ వేసేస్తారు. అది తప్పు కాదు. రంగు పూతే ఎండా వానా అన్నిటికంటే బాగా తట్టుకుంటుంది. ఆవిడకి మాత్రం చెక్క కనపడాలి, చేత్తో పసుపు రాయాలి. తలుపుకి వేసిన పూతే గడపకి ఒక కోటు ఎక్కువ వేశాను. పూర్తిగా గట్టిపడేదాకా రెండు శుక్రవారాలు పసుపు ఆపమన్నాను. ఆవిడ ఆ రెండు వారాలూ గడప ముందు పీట వేసి, పసుపు దాని మీదే రాశారు.

ఏటా రోహిణి ఎండలు తగ్గుముఖం పట్టగానే, వానలకు ముందు, తలుపు కింది భాగంలో నీళ్ల చుక్క వేసి చూడమని చెప్పి వచ్చాను. ముత్యంలా నిలిస్తే ఇంకో ఏడాది దాని జోలికి వెళ్లక్కర్లేదు. పరుచుకుని చెక్క రంగు ముదిరితే, 320తో ఒకసారి రుద్ది ఒక్క కోటు వేస్తే సరిపోతుంది, అది ఒక పూట పని. పొర లేచేదాకా ఆగితే మళ్లీ తలుపు ఊడదీయాల్సిందే.