44 బైట్ల జ్ఞాపకం

1992 ఆగస్టు 1న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ విండోస్ 3.1ను మార్కెట్లోకి వదిలింది. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు. కానీ ఆ కర్మాగారం ఉద్యోగులుండే ఉక్కునగరం క్వార్టర్లలో ఇవాళ కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లకు ఆ రెండోదానిలోని ఒక చిన్న ఏర్పాటు ఇప్పటికీ పనికొస్తోంది. ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం అందులో రెండు ఆదేశాలు చేర్చారు: గెట్ విండో ప్లేస్‌మెంట్, సెట్ విండో ప్లేస్‌మెంట్. మొదటిది తెర మీద విండో ఎక్కడుందో చెబుతుంది, రెండోది దాన్ని చెప్పిన చోట పెడుతుంది. నాలుగు అంచుల కొలతలు, విండో తెరంతా పరుచుకుని ఉందా, ముడుచుకుని ఉందా, ఇంకా ఒకటి రెండు వివరాలు. నేటి విండోస్‌లో ఇదంతా కలిపి 44 బైట్లు. విండోల అమరికను దాచిపెట్టి, మళ్లీ అడిగినప్పుడు పరిచే చిన్న ప్రోగ్రాములు చాలావరకు ఈ 44 బైట్ల మీదే బతుకుతున్నాయి.

విండోలు చెదిరిపోయే గొడవ కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేస్‌కు లేదు. గోదావరి అని పేరు పెట్టిన తొలి ఫర్నేస్ 1990లో మొదలైంది. 3,200 ఘనపు మీటర్ల ఆ కడుపు ఒకసారి రగిలాక ఏళ్ల తరబడి మండాల్సిందే. అలాంటి యంత్రాల దగ్గర కంట్రోల్ రూము తెరలను కూడా కదలని అమరికతోనే తయారుచేస్తారు. ఉష్ణోగ్రత ఏ మూల, గాలి ఒత్తిడి ఏ మూల అన్నది ముందే తేలిపోయి ఉంటుంది. ఎ షిఫ్టు దిగి బి షిఫ్టు ఎక్కినా కంటికి వెతుకులాట ఉండదు. తంటా అంతా ఆఫీసు బల్ల మీది కంప్యూటరుతో, ఇంట్లో దానితో. అక్కడ అమరిక మనం చేసుకున్నది. ఎడమ తెర మీద డ్రాయింగు, కుడి తెర మీద ఎక్సెల్, వాటి కింద మెయిల్. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టామా, అంతా మొదటికొస్తుంది.

నిజానికి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. 1973లో జిరాక్స్ సంస్థ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఆల్టో కంప్యూటరు తయారైంది. దాని తెర నిలువుగా ఉండేది, అడ్డం 606 చుక్కలు, నిలువు 808 చుక్కలు. అంత ఇరుకులో విండోలన్నీ పక్కపక్కన పట్టవు కాబట్టి ఒకదాని మీద ఒకటి ఉండనిద్దాం అన్నది ఆ కేంద్రంలోని అలన్ కే బృందం ఆలోచన. ఆ బృందం చేసిన స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ వ్యవస్థలో పని ఆపేటప్పుడు కంప్యూటరు జ్ఞాపకశక్తి మొత్తాన్నీ ఒకే ముద్దగా డిస్కు మీద దాచేవారు. దాన్ని ఇమేజ్ అనేవారు. మళ్లీ తెరిస్తే విండోలన్నీ వదిలిన చోటే. విడిగా ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. అక్కడ విండో, ప్రోగ్రామూ, సమాచారమూ అన్నీ ఒకే లోకంలో ఉండేవి మరి.

తర్వాత ఆ లోకం ముక్కలైంది. ఒక్కో ప్రోగ్రాము ఒక్కో కంపెనీది. విండో ఎవరిదో, తెర ఇంకెవరిదో. 1985 నవంబరులో వచ్చిన మొదటి విండోస్‌లో మామూలు విండోలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవే కావు, నేల మీద పలకల్లా పక్కపక్కన ఉండేవి. 1987 డిసెంబరులో రెండో విండోస్‌తో ఆ కట్టుబాటు పోయింది, చిందరవందర మొదలైంది. ఎం.ఐ.టి.లో 1984లో పుట్టిన ఎక్స్ విండో అనే వ్యవస్థ వాడేవాళ్లది మరో దారి. ప్రోగ్రామును పిలిచేటప్పుడే 80x24+100+50 లాంటి కొలత ఇచ్చేవారు: 80 అక్షరాల వెడల్పు, 24 వరుసల ఎత్తు, ఎడమ అంచు నుంచి 100 చుక్కలు, పై అంచు నుంచి 50. ఇలాంటి పంక్తులు నాలుగు ఒక ఫైల్లో రాసి ఉంచుకుంటే రోజూ పొద్దున్నే బల్ల సర్దినట్టు వచ్చేది. చేత్తో రాసిన ఆ ఫైలే ఇవాళ్టి ప్రోగ్రాములకు ముత్తాత అని నా లెక్క. ముత్తాతకు మతిమరుపు కూడా తక్కువే.

ఈ సమస్యను మొదట లోతుగా చూసినవాళ్లు మళ్లీ జిరాక్స్‌వాళ్లే. 1986లో ఆస్టిన్ హెండర్సన్, స్టువర్ట్ కార్డ్ ‘రూమ్స్’ అనే వ్యవస్థ గురించి రాశారు. మనిషి విండోలను గుంపులుగా వాడతాడని, ఒక పనికి ఒక గుంపు అని వాళ్లు గమనించారు. కంప్యూటరు జ్ఞాపకశక్తి గురించి పీటర్ డెనింగ్ 1968లో చెప్పిన ‘వర్కింగ్ సెట్’ సూత్రాన్ని, అంటే ఆ వేళ పనికి కావలసినవే దగ్గర ఉంచుకోవాలన్నదాన్ని, తెర మీదికి తెచ్చారు. ఒక్కో పనికి ఒక్కో గది, గదికీ గదికీ మధ్య తలుపు. ఒకే విండో రెండు గదుల్లో రెండు చోట్ల, రెండు సైజుల్లో ఉండవచ్చు. అంటే విండో వేరు, దాని చోటు వేరు. ఈ విడదీతే వాళ్ల అసలు ఆవిష్కరణ.

ఇక్కడినుంచి కథ చిక్కుల్లో పడుతుంది. చోటు గుర్తుపెట్టుకోవడం 44 బైట్ల పని. ఆ చోటు ఏ విండోది? ప్రతి విండోకు విండోస్ ఒక అంకె ఇస్తుంది. విండో మూసేస్తే ఆ అంకె చెల్లదు, కంప్యూటరు మళ్లీ పెడితే అంకెలన్నీ కొత్తవే. క్వార్టర్ నంబర్లతో అలాట్‌మెంట్ రిజిస్టరు పక్కాగా ఉండి, మనుషులు మాత్రం రోజూ కొత్త పేర్లతో గేటు దగ్గరికి వస్తే ఎస్టేట్ ఆఫీసు గుమాస్తా పడే అవస్థ ఇదే. కాబట్టి ప్రోగ్రాము ఆనవాళ్లు వెతుక్కుంటుంది: ఏ ప్రోగ్రాముది, విండో తరగతి పేరేమిటి, పైపట్టీ మీద ఏం రాసి ఉంది. ఏదీ గట్టి ఆధారం కాదు. బ్రౌజరులో ట్యాబు మారితే పైపట్టీ మారిపోతుంది. తరగతి పేరు చూద్దామంటే క్రోమ్‌దీ, విజువల్ స్టూడియో కోడ్‌దీ ఒకటే, ‘క్రోమ్_విడ్జెట్‌విన్_1’. చివరికి పోలికలకు మార్కులు వేసి, ఎక్కువ వచ్చినదాన్ని ఆ చోట కూర్చోబెట్టడమే గతి. మూడు ఎక్సెల్ ఫైళ్లు తారుమారై రావడానికి కారణం ఇదే. అది బద్ధకం కాదు, ఊహ తప్పడం.

మానిటర్ల గోల ఇంకో రకం. విండోస్ 98 ఒక కంప్యూటరుకు 9 మానిటర్ల దాకా ఒప్పుకుంది. ప్రధాన తెరకు ఎడమ పక్క మానిటరు పెడితే అక్కడి కొలతలు సున్నాకు దిగువన, రుణసంఖ్యల్లో నడుస్తాయి. ముడిచిన విండోనైతే విండోస్ మైనస్ 32,000 దగ్గరికి, ఎవరికీ కనపడని చోటికి నెట్టేస్తుంది. ఇది తెలియకుండా రాసిన ప్రోగ్రాము ఆ అంకెనే నమ్మి దాచుకుంటుంది, మర్నాడు విండో కనిపించదు. డిస్‌ప్లేపోర్ట్ తీగతో కలిపిన మానిటర్లు కొన్ని బటన్ నొక్కి ఆపగానే తీగ పీకేసినట్టే కంప్యూటరుకు కబురు పంపుతాయి. విండోస్ పాపం విండోలన్నిటినీ మిగిలిన తెర మీదికి తరలిస్తుంది. టీ తాగి వచ్చేసరికి అన్నీ ఒక మూలన కుప్ప. ‘పెర్సిస్టెంట్ విండోస్’ అనే ఉచిత ప్రోగ్రాము ప్రధానంగా ఈ బాధ కోసమే పుట్టింది. విండోలు కదులుతుంటే వెనకాల గమనిస్తూ ఉంటుంది, మానిటరు తిరిగి రాగానే పాత చోట్లకు పంపుతుంది. ఇక్కడ కంప్యూటరు ఆగలేదు, విండోల అంకెలు మారలేదు, కాబట్టి ఎవరెవరో గుర్తుపట్టే పీడ లేదు. అందుకే ఇది బాగా పనిచేస్తుంది. 2021లో వచ్చిన విండోస్ 11 ఇదే పనిని తన సెట్టింగుల్లో కలుపుకుంది. ఇంత ఆలస్యంగా ఎందుకు కలుపుకుందో మాత్రం నాకు అంతుపట్టదు.

మైక్రోసాఫ్ట్‌వారి పవర్ టాయ్స్ అనే అదనపు ప్రోగ్రాముల మూటలో 2024లో చేరిన వర్క్‌స్పేసెస్ ఇంకాస్త పెద్ద పని నెత్తికెత్తుకుంది. ప్రోగ్రాములను తానే పిలిచి, వాటి చోట్లలో పెడుతుంది. పిలిచిన ప్రోగ్రాము వెంటనే విండో తెరవదు. ముందు పేరూ బొమ్మా ఉన్న స్వాగత పలక వస్తుంది, అసలు విండో తర్వాతెప్పుడో. అందాకా కాచుకుని ఉండాలి. కొన్ని ప్రోగ్రాములు తమ పాత చోటును తామే గుర్తుపెట్టుకుని, మనం పెట్టాక మళ్లీ అక్కడికే జరుగుతాయి. అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచిన విండోనైతే మామూలు ప్రోగ్రాము కదపలేదు. విస్టా నుంచీ విండోస్ భద్రత నియమం అది.

లినక్స్‌లో ఇప్పుడు చాలా చోట్ల ఎక్స్ స్థానంలోకి వేలాండ్ అనే కొత్త వ్యవస్థ వస్తోంది. అందులో విండోకు తాను తెర మీద ఎక్కడుందో తెలియనే తెలియదు, పక్క ప్రోగ్రాము దాన్ని జరపలేదు. భద్రతకు మంచిదే, మన చిన్న ప్రోగ్రాముకు మాత్రం చేతులు కట్టేసినట్టే. దానికి బదులుగా ఒక ప్రతిపాదన వచ్చింది, దాని మీద ఏళ్ల తరబడి చర్చ నడిచింది: ప్రతి ప్రోగ్రామూ తన విండోలకు తానే శాశ్వతమైన పేరు పెట్టుకుని, ఆ పేరును తెర నడిపే వ్యవస్థకు అప్పగించాలి. చోటు సంగతి అది చూసుకుంటుంది. ఆపిల్ కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసేవాళ్లు విండోకు పేరు పెట్టి, ఆ పేరు మీద చోటును దాచే పద్ధతిని చాలాకాలంగా వాడుతూనే ఉన్నారు. తన విండో ఏదో ఎక్సెల్‌కు తెలిసినంత బాగా బయటివాళ్లకెవరికి తెలుస్తుంది?