బోర్డు గోడ మీద... పొగ గది నిండా!

ఆర్టీసీ బస్సు ఎక్కే ప్రతి పల్లెవాసికీ కంఠతా వచ్చిన వాక్యాలు కొన్ని ఉన్నాయి. చేతులు బయట పెట్టరాదు. టిక్కెట్టు లేని ప్రయాణం నేరం. స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం. వాటి సరసనే "పొగ త్రాగరాదు" అన్నది కూడా. ఒకప్పుడు ఆ బోర్డు కిందనే కూర్చుని తీరుబడిగా చుట్ట ముట్టించే పెద్దలు ఉండేవారు. కండక్టరు చూసీచూడనట్లు టిక్కెట్లు కొట్టుకుంటూ పోయేవాడు. ఇప్పుడు బస్సులో చుట్టకంపు దాదాపు పోయిందనే చెప్పాలి. కాని బస్సు దిగి, వాన జల్లుకు ఎదుటి టీ హోటల్లో తలదాచుకుంటే అక్కడ సంగతి వేరు. రేకుల కప్పు కింద, మూడు వైపులా గోడలు, నాలుగో వైపు గోనెపట్టా. లోపల నాలుగు బీడీలు, రెండు సిగరెట్లు. పసిబిడ్డను చంకనేసుకున్న తల్లి తడిసినా ఫరవాలేదని బయట చూరు కింద నిలబడుతుంది.

ఆమె ఎవరినీ ఏమీ అనదు. అనలేదు కూడా. నలుగురు కూడే మూసిన చోట పొగ తాగరాదన్న చట్టం గురించి ఇన్నేళ్లుగా సాగుతున్న వాదన అంతా నిజానికి ఈ "అనలేకపోవడం" చుట్టూనే తిరుగుతోంది.

చట్టం వద్దనేవారి మొదటి మాట వినడానికి బాగానే ఉంటుంది. "మనమంతా ఒక ఊరివాళ్లం. ఇబ్బందిగా ఉంటే ఒక్క మాట చెబితే ఆర్పేస్తాం కదా. దీనికి చట్టాలు, జరిమానాలు ఎందుకు?" అంటారు. మర్యాదస్తులు చాలామంది నిజంగానే ఆర్పేస్తారు కూడా. అయితే ఆ ఒక్క మాట చెప్పవలసింది ఎవరు? మామగారి వయసున్న మనిషి ఎదురుగా కూర్చుని చుట్ట కాలుస్తుంటే కొత్త కోడలు చెబుతుందా? పనికి పిలిచే ఆసామి సిగరెట్టు వెలిగిస్తే కూలీ చెబుతాడా? పింఛను కాగితం కోసం ఆఫీసులో నిలబడ్డ ముసలమ్మ గుమాస్తాగారికి చెబుతుందా?

రైళ్ల చట్టం చాలాకాలం ఈ పద్ధతినే నమ్ముకున్నది. 1989 నాటి రైల్వే చట్టం 167వ సెక్షను ప్రకారం తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పెట్టెలో పొగ తాగరాదు. కాదని తాగితే వంద రూపాయల దాకా జరిమానా. పెట్టెలో అసలు తాగనే వద్దని నిషేధించే అధికారం రైల్వే యాజమాన్యానికి ఆ సెక్షనులోనే ఉన్నా, మామూలుగా నోరు విప్పే భారం మాత్రం పొగ పీల్చేవాడి మీదనే ఉండేది. నోరున్నవాడికి గాలి, లేనివాడికి పొగ అన్నట్లుగా నడిచింది.

కోర్టుల దాకా...

ఈ పద్ధతి మారడానికి కోర్టులు పూనుకోవలసి వచ్చింది. 1999 జులై 12న కేరళ హైకోర్టు నలుగురు తిరిగే చోట్ల పొగ తాగడం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. రాజ్యాంగం 21వ అధికరణం పౌరునికిచ్చిన జీవించే హక్కులో తోటివాడి పొగ పీల్చకుండా ఉండే హక్కు కూడా ఉన్నదన్నది ఆ తీర్పు సారాంశం. తర్వాత బొంబాయి రాజకీయ నాయకుడు మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న దేశమంతటికీ వర్తించేలా ఉత్తర్వు ఇచ్చింది. ఆస్పత్రులు, బడులు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, సభాభవనాలు, బస్సులు, రైళ్లు అందులోకి వచ్చాయి. టీ హోటళ్లు రాలేదు. 2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టం చేసింది. 2003లో పార్లమెంటు దేశానికంతటికీ పొగాకు ఉత్పత్తుల చట్టం చేయగా, బహిరంగ స్థలాలలో పొగ తాగరాదన్న దాని నాలుగో సెక్షను 2004 మే 1 నుంచి అమలులోకి వచ్చింది.

అసలు గొడవ 2008లో మొదలైంది. ఆ ఏడాది అక్టోబరు 2, గాంధీ జయంతి నాటి నుంచి కొత్త నిబంధనలు వస్తున్నాయని కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటించింది. హోటళ్లు, క్యాంటీనులు, సినిమా హాళ్లు, కల్యాణ మండపాలు, బార్లు, పనిచేసే చోట్లు అన్నీ అందులో చేరాయి. బస్టాండు, రైల్వే స్టేషను ఆరుబయటే ఉన్నా నిషేధం వర్తిస్తుందన్నారు. హోటళ్లవారు, సిగరెట్టు కంపెనీలవారు కోర్టులకెక్కారు. సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు స్టే ఇవ్వడానికి నిరాకరించడంతో నిబంధనలు అనుకున్న రోజుకే అమలులోకి వచ్చాయి.

చిత్రమేమిటంటే పెద్దవారికి ఒక సందు వదిలారు. ముప్ఫై గదులకు తగ్గని హోటళ్లలో, ముప్ఫై మందికి తగ్గకుండా కూర్చునే రెస్టారెంట్లలో, విమానాశ్రయాలలో పొగరాయుళ్లకు విడిగా ఒక గది పెట్టుకోవచ్చు. ఇది పేదవాడి బీడీకి ఒక న్యాయం, పెద్దవాడి సిగరెట్టుకు ఒక న్యాయం అని ఆక్షేపించేవారు ఉన్నారు. ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. 2021 జనవరిలో కేంద్రం ప్రజాభిప్రాయానికి పెట్టిన సవరణ ముసాయిదాలో ఈ గదులను ఎత్తివేయాలని, రెండు వందల జరిమానాను రెండు వేలు చేయాలని ప్రతిపాదించారు.

అయిదు నిమిషాలా, పన్నెండు గంటలా?

"నేను తాగేది అయిదు నిమిషాలు. ఆ మాత్రం పొగకే ప్రాణాలు పోతాయా?" అన్నది రెండో వాదన. తాగి వెళ్లిపోయేవాడికి అది అయిదు నిమిషాలే. పొద్దున్నే పొయ్యి రాజేసింది మొదలు రాత్రి బల్లలు కడిగేదాకా గ్లాసులు అందించే కుర్రవాడికి మాత్రం అది పన్నెండు గంటలు. ఒకరి తర్వాత ఒకరుగా వచ్చే నూరుమంది అయిదేసి నిమిషాలూ అతని ఒక్కడి ఊపిరితిత్తులలోనే జమపడతాయి. వాడు బీడీ ముట్టనివాడే కావచ్చు.

పైగా తాగేవాడు లోపలికి పీల్చి వదిలేదే కాదు, రెండు దమ్ముల మధ్య వేళ్ల సందున ఊరికే కాలే కొన నుంచి లేచే పొగ కూడా గదిలోకే పోతుంది. దానికి ఏ ఫిల్టరూ అడ్డు ఉండదు. ఫ్యాను వేస్తే పొగ పోతుందనుకోవడం పొరపాటు. ఒక మూలనున్నది నాలుగు మూలలకూ పంచడమే ఫ్యాను చేసే పని.

దీని మీద శాస్త్రీయంగా మొదట పెద్ద దుమారం లేపినది జపాను. అక్కడ తకేషి హిరయామా అనే శాస్త్రవేత్త పొగ అలవాటు లేని 91,540 మంది ఇల్లాళ్ల ఆరోగ్యాన్ని పద్నాలుగేళ్లు గమనించి 1981లో ఫలితాలు ప్రకటించాడు. భర్త ఎంత ఎక్కువ తాగితే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు అంత పెరుగుతున్నదని తేలింది. సిగరెట్టు కంపెనీలు ఆ లెక్కలను తప్పుపట్టడానికి చేయని ప్రయత్నం లేదు. ఆ తర్వాత దేశదేశాల పరిశోధనలు ఆయన మాటనే బలపరిచాయి. ఇతరుల పొగ ఇంతవరకు పీలిస్తే ప్రమాదం లేదు అని చెప్పగల హద్దే లేదని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదికలో తేల్చేశారు. సొంతాన పొగ తాగకుండా ఇతరుల పొగ వల్లనే ఏటా ప్రపంచంలో 12 లక్షలకు పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గుండెజబ్బు, ఉబ్బసం, పసిపిల్లల్లో చెవిపోటు, ఊపిరితిత్తుల జబ్బులు దీని వెంట వచ్చేవే.

ఐర్లండు దేశం 2004 మార్చి 29న పనిచేసే చోట్లన్నింటా, సారా దుకాణాలతో సహా, పొగను నిషేధించింది. అలా చేసిన మొదటి దేశం అదే. అక్కడ ప్రభుత్వం చెప్పిన కారణం తాగేవారిని బాగుచేయడం కాదు, అందులో పనిచేసేవారిని కాపాడటం. దుకాణదారులు బేరం పోతుందని గగ్గోలు పెట్టారు. జనం మాత్రం బయటికి వెళ్లి తాగి లోపలికి రావడం అలవాటు చేసుకున్నారు.

ఆకు పండించే జిల్లాలో...

ప్రకాశం జిల్లాలో ఈ మాట ఎత్తడం అంత తేలిక కాదు. ఒంగోలు, టంగుటూరు, కొండపి పరిసరాలలో ఎందరి ఇంటి దీపమో పొగాకు. ఆకు రెలిచి, కర్రలకు అల్లి, బ్యారన్‌లో కాల్చి, గ్రేడు చేసి, బేళ్లు కట్టి వేలానికి తోలేదాకా రైతుకు నిద్ర ఉండదు. పచ్చాకు తడి ఒంటికి తగిలి తల తిరిగి వాంతులయ్యే కూలీలకు ఆ ఆకులో ఏమున్నదో ఎవరూ చెప్పనక్కరలేదు. "ఒక చేత్తో పొగాకు బోర్డు పెట్టి, ఇంకో చేత్తో పొగ త్రాగరాదన్న బోర్డు పెడతారా?" అని రైతులు అడిగితే దానికి జవాబు చెప్పవలసిందే.

పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. రైతు గిట్టుబాటు ధర గురించి పడే ఆందోళన బూటకం కాదు. 2015లో ధరలు పడిపోయి ఈ జిల్లాలో పొగాకు రైతులు ఆత్మహత్యలు చేసుకున్న సంగతి ఎవరూ మరిచిపోలేదు. అయితే ఆ ఏడు ధర పడింది పల్లె హోటల్లో బీడీ ఆర్పినందుకు కాదు. ఇక్కడి వర్జీనియా ఆకులో పెద్ద భాగం పరదేశాలకు పోతుంది. వేలంలో ధరను నిర్ణయించేది విదేశీ ఆర్డర్లు, కంపెనీల కొనుగోళ్లు, అనుమతికి మించి పండిన పంట. గదిలో తాగవద్దు, వాకిట తాగు అన్నంత మాత్రాన బేలు ధర దిగదు.

కాని లోకమంతా క్రమంగా పొగ మానుకుంటూ పోతే ఏదో ఒకనాటికి ఆ వేడి బ్యారన్‌కు తగలక తప్పదు. శనగ వేసినవారు, సుబాబులు, జామాయిలు వైపు వెళ్లినవారు వాటి ధరల్లోనూ దెబ్బలు తిన్నారు. రైతుకు వేరే దారి చూపవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. ఆ బాకీ తీరేదాకా టీ హోటల్లో పిల్లలు పొగ పీల్చాలనడం మాత్రం సబబు కాదు. నిజామాబాదు, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవారి బతుకుతెరువు సంగతీ ఇంతే. ఆ తల్లుల పిల్లలూ బస్సుల్లో తిరిగేవారే.

ఇంట్లో తగ్గింది, పనిచోట తగ్గలేదు

చట్టం వచ్చాక ఫలితమేమిటో తెలుసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం జరిపించిన పొగాకు సర్వేలు రెండు ఉన్నాయి. 2009-10లో ఇంట్లో ఇతరుల పొగ పీలుస్తున్నామన్న పెద్దలు నూటికి 52 మంది. 2016-17 నాటికి అది 39కి దిగింది. నాలుగు గోడల మధ్య పనిచేసేవారిలో పనిచోట పొగ పీలుస్తున్నామన్నవారు మొదటిసారి నూటికి 30 మంది, రెండోసారీ 30 మందే. ఇంట్లోకి చట్టం రాదు. అయినా అక్కడ తగ్గింది. చట్టం ఉన్న పనిచోట కదలిక లేదు.

ఇంట్లో మనవడు దగ్గితే తాత చుట్ట పట్టుకుని అరుగు మీదికి వెళ్తాడు. శ్రీకాకుళం వైపు మంట ఉన్న కొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే ముసలమ్మలు కూడా పిల్లల ముందు ఇప్పుడు వెనుకాడవచ్చు. పనిచోట దగ్గేవాడు మనవడు కాదు, పనివాడు. తేడా అంతా అక్కడే ఉన్నది. అందుకే కాబోలు, 2008 నిబంధనలు ఆ బాధ్యతను పొగ పీల్చేవాడి మీద నుంచి తీసి స్థలం యజమాని మీద పెట్టాయి. తన చోట ఎందరు తాగితే అన్ని జరిమానాలు యజమానికీ పడతాయి. బల్లల మీద బూడిద గిన్నెలు, అగ్గిపెట్టెలు, లైటర్లు పెట్టరాదు. ఆ లెక్కన కౌంటరు పక్కన వేలాడదీసిన నిప్పుతాడు కూడా నేరమే. జరిమానా వేసే అధికారం సబ్-ఇన్‌స్పెక్టరు స్థాయి నుంచి పోలీసులకు, బడిలో హెడ్‌మాస్టరుకు, రైల్వే స్టేషనులో స్టేషను మాస్టరుకు ఉన్నది.

బోర్డు ఎలా ఉండాలో కూడా నిబంధన చెప్పింది. అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గకూడదు. తెల్లని నేల మీద రాయాలి. ఇక్కడ పొగ తాగడం నేరమని అందులో ఉండాలి. ఎవరైనా తాగుతుంటే ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ మనిషి పేరు కూడా అందరికీ కనబడేలా పెట్టాలి. పేరు రాసిన బోర్డు తమ ఊరి హోటల్లోనో, ఆస్పత్రిలోనో, మండల కార్యాలయంలోనో ఉన్నదీ లేనిదీ చదువరులు ఈసారి వెళ్లినప్పుడు చూడవచ్చు.