కట్టెలు చీల్చే యంత్రం: చేయించుకోవడమా, కొనుక్కోవడమా?

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాల్వలకు నీరు వదిలిన తరువాత ఎడమ కాల్వ కింద వరి విస్తరించింది; ఆ వరి వెంట ట్రాక్టర్లు, ట్రాక్టర్ల వెంట వెల్డింగ్ షాపులు, లేత్ షాపులు హాలియా వంటి పట్టణాలకు చేరాయి. వంటగ్యాసు ఇంటింటికీ వచ్చినా పెళ్లి వంటల పొయ్యిల కింద ఇంకా కట్టెలే మండుతున్నందువల్ల, కట్టెల అడితి నడిపేవారికి మొద్దులు చీల్చే యంత్రం అవసరమైనప్పుడు దాన్ని దగ్గరి షాపులోనే చేయించుకోవచ్చునన్న ఆలోచన సహజంగానే వస్తుంది.

ఆ ఆలోచన ఎంతవరకు నిలుస్తుందో తేల్చేది మొదట కట్టె స్వభావమే. నార నిటారుగా సాగిన మొద్దు గొడ్డలి దెబ్బకే రెండుగా విడిపోతుంది గాని, నార ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన చింత మొద్దు అంత తేలికగా లొంగదు. మటన్ దుకాణాల్లో కత్తి దెబ్బలు తినడానికి చింత మొద్దునే వేసుకోవడానికి కారణం అదే. ముడులు, వంకరలు నిండిన సర్కారు తుమ్మ మొదళ్లు కూడా మనిషిని అలసటకు గురిచేస్తాయి. ఇలాంటి కట్టెకు కావలసింది వేగమైన దెబ్బ కాదు, నిదానంగా పెరిగే ఒత్తిడి.

ఆ ఒత్తిడిని హైడ్రాలిక్ యంత్రం ఇస్తుంది. మూసి ఉన్న ద్రవంపై కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రమే దీనికి ఆధారం. పది సెంటీమీటర్ల లోపలి వ్యాసం గల సిలిండర్‌లోకి చదరపు సెంటీమీటరుకు 175 కిలోల పీడనంతో నూనెను పంపితే దాని కడ్డీ దాదాపు పద్నాలుగు టన్నుల బలంతో మొద్దును ఇనుప కత్తి మీదికి నెడుతుంది. పంపు నిమిషానికి ఇరవై లీటర్ల నూనె ఇచ్చినప్పుడు అరవై సెంటీమీటర్ల దూరం నెట్టడానికి దాదాపు పద్నాలుగు సెకన్లు పడుతుంది. ఇంత ప్రవాహాన్ని అంత పీడనంతో నడపడానికి ఎనిమిది హార్స్‌పవర్ దాకా కావాలి కనుక, బావి దగ్గరి ఐదు హార్స్‌పవర్ మోటారు చాలదు. తేలిక పనికి ఎక్కువ నూనెను, బరువు పనికి తక్కువ నూనెను తనంతట తానే పంపే రెండంచెల పంపు దానికి అమర్చితే పని సాగుతుంది.

ఇంటి తయారీ తప్పటడుగు వేసేది సాధారణంగా సిలిండర్ దగ్గరే. అందుబాటులో ఉంది కదా అని పాత ట్రాలీ జాకీని తెస్తారు గాని, అది చాలావరకు సింగిల్ యాక్టింగ్, అంటే నూనె దాన్ని ఒకవైపే తోస్తుంది, ట్రాలీ బరువే దాన్ని మళ్లీ కిందికి దించుతుంది. అడ్డంగా పరుండబెట్టిన యంత్రంలో ఆ బరువు ఉండదు కనుక కడ్డీ వెనక్కు రాదు. రెండు వైపులా నూనె తీసుకునే డబుల్ యాక్టింగ్ సిలిండరే కావాలి. పాత జేసీబీ సిలిండర్ ఆ రకానిదే అయినా, దాని సీళ్లు, కడ్డీ మీది గీతలు పరీక్షించకుండా కొనరాదు. చట్రానికి వేసే గర్డర్ విషయంలోనూ ఉదాసీనత తగదు. సిలిండర్ గర్డర్‌కు పైన కూర్చుంటుంది కనుక ఆ పద్నాలుగు టన్నులు గర్డర్‌ను లాగడమే గాక వంచుతాయి కూడా, కత్తి అడుగున ఉన్న వెల్డింగ్‌ను చీల్చడానికి ప్రయత్నిస్తాయి.

ఖర్చులో పెద్ద భాగం సిలిండర్, పంపు, వాల్వులు, గొట్టాలదే అయినందువల్ల చేయించుకోవడంలో మిగిలేది ప్రధానంగా ఇనుము, కూలి మీదనే. ఆ కొద్దిపాటి ఆదా కోసం పీడనం హద్దు దాటకుండా నూనెను వెనక్కు మళ్లించే రిలీఫ్ వాల్వును వదిలేయడం ప్రాణాలతో చెలగాటం. గొట్టానికి సన్నని రంధ్రం పడితే సూదిలా చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది, కనుక కారుతున్న చోటును వేలితో తడమకూడదు; అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

ట్రాక్టర్ వెనుక తిరిగే ఇరుసుకు మరగల శంకువును బిగించే మరో రకం చౌకగా తయారవుతుంది గాని, దానిని చేయించుకోకపోవడమే మేలు. నిమిషానికి 540 సార్లు తిరిగే ఆ ఇరుసు తువ్వాలును గాని, లుంగీ అంచును గాని పట్టుకున్నదంటే ఆపడానికి వ్యవధి ఉండదు. నూర్పిడి యంత్రాల్లో రైతుల, కూలీల చేతులు పోయినందువల్లనే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేయవలసి వచ్చింది. అంతటి నష్టం చూసిన పల్లెలకు మరో రక్షణ లేని యంత్రాన్ని దించడం అన్యాయం.

సొంతంగా యంత్రం చేసుకోవడం ఎప్పుడూ వృథా అని కాదు. అప్పటి నల్లగొండ జిల్లాలోని ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం 1999 నాటికి ఆసు యంత్రాన్ని, అంటే చేనేతలో నూలును మేకుల చుట్టూ పోసే పనిని చేసే యంత్రాన్ని, స్వయంగా రూపొందించారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ పని చేసే యంత్రం బజారులో లేనందువల్ల ఆయన శ్రమకు అంత విలువ వచ్చింది. కట్టె చీల్చే యంత్రం విషయం వేరు, అది అమ్మకానికి దొరుకుతుంది. రెండు చేతులూ మీటల మీద ఉంటేనే కదిలే నమూనా దొరికితే, ఒక్కరే పని చేసే అడితికి దాన్ని కొనడమే మంచిది. సొంత ట్రాక్టర్, నమ్మకమైన వెల్డర్ ఉన్నవారు చట్రాన్ని మాత్రం చేయించుకొని, హైడ్రాలిక్ భాగాలన్నీ కొత్తవి కొనవచ్చు.

ఇంటి పొయ్యికి మాత్రమే కట్టె కావలసినవారికి ఈ రెండూ అక్కరలేదు. మొద్దును ఎండబెట్టక ముందే, పచ్చిగా ఉండగానే, మొన సన్నగా తల మందంగా ఉన్న ఇనుప శీలను పగులు కనిపించిన చోట దించి సమ్మెటతో కొడితే చాలా జాతుల కట్టె తేలికగా విడిపోతుంది. బెరడు తేమను బయటికి పోనివ్వదు కనుక చీల్చిన ముక్కలు నిండు మొద్దు కన్నా త్వరగా ఎండుతాయి.